ఏడో ఫారం

హాజరుపట్టీలో ఆయనకో పేరు ఉంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆయనే పలకడు. ప్రెస్సులో అందరికీ ఆయన జిగురు బాబాయ్. మైదా ఉడికించిన జిగురు పుస్తకాల వీపులకు పూసీ పూసీ పదివేళ్లకూ తెల్లటి పొర ఒకటి పట్టేసింది. ఎంత రుద్ది కడిగినా అది వదలదు, ఆయనా దాన్ని పెద్దగా పట్టించుకోడు. పద్దెనిమిదో ఏట పెద్ద ఓనరు దగ్గర సూదీ దారం పట్టుకున్నవాడు, యాభై ఎనిమిది వచ్చినా అదే కిటికీ పక్కన, అదే బల్ల ముందు కూర్చుని పుస్తకాలు కుడుతున్నాడు.

ఆస్తి లేదు. చదువు ఐదో తరగతి దగ్గర ఆగింది. గొప్పగా చెప్పుకోవడానికి ఉన్నది ఒకే ఒక్క మాట: "నలభై ఏళ్లు. నా చేతి మీదుగా వెళ్లిన పుస్తకం ఒక్కటంటే ఒక్కటి తిరిగి రాలేదు." ఈ మాట కాగితం తెచ్చే బండివాడికి చెప్పేవాడు, కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడికి చెప్పేవాడు, చిరునామా అడుగుదామని లోపలికి తొంగిచూసిన పరాయివాణ్ణి కూడా కూర్చోబెట్టి మరీ చెప్పేవాడు. విన్నవాళ్లు "అబ్బో" అనేసి చక్కా పోయేవారు. ఆయన భార్య మాత్రం "మొదలెట్టాడమ్మా" అని మూతి తిప్పేది.

ఆవిడ పనిచేసేదీ అక్కడే. ఆయన బాబాయ్ కాబట్టి ఆవిడ అందరికీ పిన్ని అయింది. పిన్ని పని ఫారాలు మడవడం. అచ్చయి వచ్చే పెద్ద కాగితం మీద రెండువైపులా కలిపి పదహారు పేజీలుంటాయి. దాన్ని మూడు మడతలు పెడితే పదహారు పేజీల చిన్న కట్ట అవుతుంది. దాన్నే ఫారం అంటారు. అలాంటివి వరసగా పేర్చి, దారంతో కుట్టి, వీపుకి జిగురు పూసి అట్ట వేస్తే అది పుస్తకం. మడత పెడుతూ పిన్ని చదివేసేది. ఒకే ఫారాన్ని మూడువందల సార్లు మడవాలి కదా, మడతకో వాక్యం చొప్పున పదహారు పేజీలూ నమిలేసేది. కాకపోతే ఏ ఫారం ముందు అచ్చయితే అదే ముందొచ్చేది. సోమవారం హత్య జరిగితే చచ్చినవాడెవరో గురువారానికి గానీ తెలిసేది కాదు. అలా తలా తోకా లేకుండా ఆమె చదివిన పుస్తకాలు ఆ వీధిలో ఉన్న లైబ్రరీ కంటే ఎక్కువే.

పెద్ద ఓనరు పోయాక కొడుకు వచ్చాడు. చిన్న ఓనరు చెడ్డవాడేం కాదు. చొక్కా నలగకుండా పని కావాలనుకునే రకం, అంతే. ఆయన బల్ల మీద అద్దం కింద ఒక రంగుల బొమ్మ ఉండేది, వేడి జిగురు మిషన్ బొమ్మ. సూది అక్కర్లేదు, దారం అక్కర్లేదు, ఇటు ఫారాలు పెడితే అటు పుస్తకాలు దూకుతాయి. రోజూ దాన్ని చూసి నిట్టూర్చేవాడు గానీ కొనడానికి ధైర్యం చాలేది కాదు. కొత్త మిషన్, కొత్త కుర్రాళ్లు, తప్పులు దొర్లితే నాన్న పేరు మంటగలుస్తుందని భయం. ఈలోగా బాబాయ్ ఎడమకంట్లో శుక్లం పెరిగింది, కుడికన్ను కూడా దాని దారే పట్టింది. సూదిలో దారం పిన్ని ఎక్కించిపెట్టడం చిన్న ఓనరు రెండుసార్లు చూశాడు, చూసి ఊరుకోలేదు.

"బాబాయ్, నీ మీద గౌరవం కొద్దీ చెప్తున్నా. ఒక్క పుస్తకం తిరిగొచ్చిందంటే చాలు, ఆ రోజే సూది కింద పెట్టేద్దాం. సరేనా?"

"నలభై ఏళ్లలో రానిది ఇప్పుడెందుకొస్తుంది చిన్నబాబూ?" అన్నాడు బాబాయ్. అన్నాడే గానీ ఆ రోజు నుంచి ఆయనకు కంటి మీద కునుకు లేదు. ఆ బల్ల, ఆ కిటికీ పోతే ఇంట్లో కూర్చుని ఏం చెయ్యాలో, తనెవరని చెప్పుకోవాలో ఆయనకు తెలీదు.

సరిగ్గా అప్పుడే ఇద్దరు పండితులు ప్రెస్సు మీద పడ్డారు. ఇద్దరూ విశ్వవిద్యాలయంలో ఒకే వరండాలో ఎదురెదురు గదుల్లో పాతికేళ్లుగా పాతుకుపోయినవాళ్లు. పైకి ప్రాణస్నేహితులు, లోపల మాత్రం ఒకరి పేరు పేపర్లో పడితే రెండోవారికి ఆ పూట అన్నం సహించదు. ఒకాయన నోరు తెరిస్తే "అనగా" అనకుండా మూసేవాడు కాదు. రెండో ఆయన ప్రపంచ భారమంతా తన నెత్తినే ఉన్నట్టు మాటకో నిట్టూర్పు విడిచేవాడు. అరగంట తిరక్కుండా ప్రెస్సు జనం వాళ్లకు అనగా గారు, నిట్టూర్పు గారు అని పేర్లు పెట్టేశారు.

అనగా గారి పుస్తకం చేతిపనులవాళ్లకు సమాజంలో దక్కని గౌరవం గురించి. నిట్టూర్పు గారిది నగరంలో మనుషుల ఒంటరితనం గురించి. ఇద్దరూ ఒకే రోజు, ఒకే సభలో ఆవిష్కరించుకోవాలని నిశ్చయించుకున్నారు. ఆయన పుస్తకాన్ని ఈయన పొగుడుతాడు, ఈయన పుస్తకాన్ని ఆయన పొగుడుతాడు, పొగిడించుకోవడానికి మూడో మనిషిని బతిమాలుకునే బాధ ఉండదు. అయితే షరతు ఒకటి: రెండూ ఒకే సైజు, ఒకే కాగితం, ఒకే అక్షరం, ఒకే లావు ఉండాలి. నిట్టూర్పు గారి పుస్తకం రెండువందల ఎనిమిది పేజీలొచ్చింది. అనగా గారిది నూట తొంభైకే ఆగిపోయింది. ఆయన ఆ రాత్రే ఇంటికెళ్లి, జన్మలో తెరవని పుస్తకాల పేర్లు పద్దెనిమిది పేజీలు ఎక్కించి, 'ఉపయుక్త గ్రంథాలు' అని పేరు పెట్టి తెల్లారేసరికి పట్టుకొచ్చాడు.

"ప్రతి పేజీ పైన పుస్తకం పేరు వెయ్యమంటారా సార్?" అని కంపోజింగ్ అమ్మాయి అడిగింది.

అనగా గారు నవ్వాడు. "ఎందుకమ్మా? అనగా, చదివేవాడికి తను ఏ పుస్తకం చదువుతున్నాడో తెలీదంటావా?"

నిట్టూర్పు గారు కూడా నవ్వాడు, నిట్టూరుస్తూనే. అలా రెండు పుస్తకాలకూ మధ్య కంటికి కనబడే తేడా అంటూ ఒకటే మిగిలింది. ప్రతి ఫారం మొదటి పేజీ అడుగున, కుట్టేవాడి కోసం చీమ తలకాయంత గుర్తు వేస్తారు: పుస్తకం పేరులో ఒక అక్షరం, పక్కన ఫారం అంకె. ఆ గుర్తు చదివేవాళ్లకు కనిపించదు, కనిపించాల్సిన పనీ లేదు.

సభ ఆదివారం. ఫారాలన్నీ మడిచి చేతికొచ్చేసరికి బుధవారం అయింది. కుట్టుగదిలో రెండు పొడుగు బల్లల మీద పదమూడేసి ఫారాల కట్టలు వరసగా పేర్చారు, ఇటు బల్ల మీద అనగా గారు, అటు బల్ల మీద నిట్టూర్పు గారు. బాబాయ్ బల్ల పొడుగునా నడుస్తూ ఒక్కో కట్టలోంచి ఒక్కో ఫారం తీసి ఎడమచేతి మీద పేర్చుకుంటూ పోతాడు. ఆ చివరికి చేరేసరికి ఒక పుస్తకం తయారు. ఏడో ఫారాల కట్టలు రెండూ అందరికంటే ఆఖర్న వచ్చాయి. ఆయన వాటి అడుగున గుర్తు చూశాడు. చూశాననుకున్నాడు. ఇటుది అటు పెట్టాడు, అటుది ఇటు పెట్టాడు. మూడు రోజులు తల ఎత్తకుండా కుట్టాడు.

శనివారం సాయంత్రం అలవాటు ప్రకారం రెండింటిలో ఒక్కో ప్రతి ఇంటికి తెచ్చాడు. పిన్నికి తలా తోకా ఉన్న పుస్తకం చదివే అవకాశం అదొక్కటే. ఆదివారం పొద్దున్న వంట పొయ్యి మీద పెట్టి, అనగా గారి పుస్తకం ముందేసుకుని కూర్చుంది. కాసేపటికి లోపలి నుంచి కేకేసింది.

"ఏమయ్యా, ఇదేం చోద్యం? కుమ్మరివాడి చేతుల గురించి చెప్తూ చెప్తూ ఉన్నట్టుండి మేడ మీద ముసలావిడ గదిలో దూరాడేమిటీయన?"

"పండితుడు కదే. ఎక్కడికైనా దూరతాడు."

"పండితుడైతే మాత్రం! తొంభై ఆరో పేజీలో కుమ్మరి సారె తిప్పుతున్నాడు, వాక్యం కూడా పూర్తవలేదు. తొంభై ఏడో పేజీలో లిఫ్టు ఆగిపోయింది." పిన్ని రెండో పుస్తకం అందుకుని అదే చోట తెరిచింది. కాసేపు చదివి మెల్లగా మూసింది. "కుమ్మరి ఇక్కడున్నాడయ్యా."

బాబాయ్ చటుక్కున లేచాడు. పుస్తకాలు రెండూ కిటికీ దగ్గరికి తీసుకెళ్లి కుడికంటికి ఆనించుకుని చూశాడు. ఒక్కో పుస్తకానికి మూడువందల ప్రతులు. ఆరువందల్లో ఒక్కటి కూడా సరైనది లేదు. వంద వంద ఇప్పటికే సభ జరిగే హాలుకి వెళ్లిపోయాయి. విప్పి, ఫారం మార్చి, మళ్లీ కుట్టాలంటే పది రోజుల పని.

"అదీ ఎక్కడ జరిగిందో చూడు," అన్నాడు. "ఏడో ఫారం. పదమూడింట్లో నడిమిది. దారంతో కుట్టిన పుస్తకం బల్ల మీద పడేస్తే తనంతట తనే నూట నాలుగో పేజీ దగ్గర తెరుచుకుంటుంది, అక్కడ దారం ఉంటుంది కాబట్టి. గుడ్డివాడు తెరిచినా నా తప్పు మీదే తెరుచుకుంటుందే."

పిన్ని లేచి వెళ్లి పొయ్యి మీది వంట దించింది.

సాయంత్రం ఇద్దరూ హాలుకి వెళ్లారు. వెళ్లకపోతే అనుమానమొస్తుందని బాబాయ్ భయం, ఒక్కణ్ణి పంపితే ఏం చేసుకుంటాడోనని పిన్ని భయం. గోడ వారగా పుస్తకాలు అమ్మే బల్ల వెనక తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డారు. చిన్న ఓనరు ముందు వరసలో మెడ నిటారుగా పెట్టుకుని కూర్చున్నాడు. వేదిక మీద మూడు కుర్చీలు, మూడు నీళ్ల సీసాలు, ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన పూలు. హాల్లో ఓ ఎనభై మంది ఉంటారు, వాళ్లలో సగం మంది ఈ పండితుల చేతిలో మార్కులున్న విద్యార్థులు.

అధ్యక్షురాలు ఒక రిటైర్డు ప్రిన్సిపాలు. ఊళ్లో ఏ పుస్తకం వెలువడినా ఆమె మాట్లాడాల్సిందే, ఏ పుస్తకం గురించైనా ఆమె మాట్లాడే మాటలు ఒకటే. ఆమెకొక చిట్కా ఉంది: పుస్తకాన్ని మొదటి నుంచి ఎత్తుకుంటే అక్కడికే చదివారనుకుంటారు, చివర్నుంచి ఎత్తుకుంటే మిగతాది వదిలేశారనుకుంటారు, నట్టనడుమ నుంచి ఒక ముక్క చదివితే మొత్తం చదివినట్టుంటుంది. ఆమె అనగా గారి పుస్తకం చేతిలోకి తీసుకుంది. పుస్తకం తనంతట తనే తెరుచుకుంది. బాబాయ్ పిన్ని మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఈ వాక్యం వినండి," అందామె కళ్లజోడు సర్దుకుని. "'ఎదురింటి తలుపు తెరుచుకున్న చప్పుడే ఆ ముసలావిడకు ఆ రోజుకి వచ్చిన చుట్టం.' ఆహా! ముప్ఫై ఏళ్లు శ్రామికుల మధ్య తిరిగిన మనిషి తప్ప ఇంకెవరు రాయగలరండీ ఈ మాట?"

హాలంతా చప్పట్లు. శ్రామికులకూ ఆ తలుపుకూ ఏం సంబంధమని ఒక్కడు అడగలేదు. బాబాయ్ అనగా గారి వంక చూశాడు. ఇప్పుడు లేస్తాడు, ఇది నాది కాదంటాడు, అయిపోయింది నా పని అనుకున్నాడు. అనగా గారు లేచాడు. మైకు పట్టుకుని ఒక్క క్షణం తల వంచుకున్నాడు.

"అనగా... నిజం చెప్పమంటారా? ఆ ఒక్క వాక్యం రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. అనగా, అది కలంతో రాసింది కాదు. కన్నీళ్లతో రాసింది."

పిన్ని నోరు తెరిచింది. మూయడం మర్చిపోయింది.

సరే, వాక్యం ఎవరిదో ఆయన పక్కనే కూర్చున్నాడు కదా, ఆయనకైనా గుండె కలుక్కుమనాలి కదా. నిట్టూర్పు గారు మైకు అందుకుని, అందరికంటే పెద్ద నిట్టూర్పు ఒకటి విడిచాడు. "మిత్రుడి మీద నాకీవేళ అసూయగా ఉంది. ఒంటరితనం మీద రెండువందల పేజీలు రాశాను గానీ, హ్హ్, ఇలాంటి వాక్యం ఒక్కటి నా కలానికి అందలేదు."

"కన్నబిడ్డను పక్కింటివాడు ఎత్తుకుంటే, భలే ముద్దుగా ఉందండీ మీ బిడ్డ అన్నట్టుంది," అని పిన్ని గొణిగింది. "రాసిందెవరో పాపం. ఆ మార్కుల కోసం కూర్చున్న పిల్లల్లో ఎవరో అయ్యుంటారు."

తర్వాత ఇద్దరూ కలిసి నేటి సామాజిక సమస్యల మీద పడ్డారు. దొరికినవాటినల్లా చీల్చి చెండాడారు. యువతలో ఏకాగ్రత లేదన్నాడు అనగా గారు. అదే సమయానికి ఆయన బల్ల కింద ఫోను చూసుకుంటున్నాడు. మనిషి మాట మనిషి వినడం మానేశాడన్నాడు నిట్టూర్పు గారు, అనగా గారి మాటకు అడ్డొస్తూ. చివరికి అసలు సమస్య ఏమిటంటే, సమాజంలో చదివే అలవాటు చచ్చిపోతోందని, పుస్తకాన్ని కొని అలమరాలో అలంకారంగా పెట్టుకునే రోజులొచ్చాయని ఇద్దరూ ఏకగ్రీవంగా తేల్చారు. అధ్యక్షురాలు రెండు కళ్లూ తుడుచుకుంది.

ప్రశ్నల వేళయింది. మూడో వరసలో ఒక పెద్దమనిషి ఇందాకటి నుంచి పుస్తకం తిరగేస్తున్నాడు. తొంభై ఆరో పేజీ దగ్గర ఆగాడు. వెనక్కి తిప్పాడు, ముందుకి తిప్పాడు, వేలితో తడిమాడు, చెయ్యెత్తాడు. నలభై ఏళ్ల పేరు ఆ ఎత్తిన చేతిలో ఉందనిపించింది బాబాయ్‌కి.

"ఒక్క సందేహం సార్," అన్నాడు పెద్దమనిషి. "ఇంత నున్నటి కాగితం ఎక్కడ దొరికిందండీ? మా అబ్బాయి పెళ్లి కార్డులకు చూస్తున్నాను."

సభ ముగిసింది. టీలు తాగుతుంటే అనగా గారు తనంతట తనే బల్ల దగ్గరికి వచ్చి బాబాయ్ చెయ్యి పట్టుకుని ఊపాడు. "నీలాంటి వాళ్ల గురించేనయ్యా ఈ పుస్తకం. అనగా, నీ చేతులకు నా నమస్కారం." వదిలిన వెంటనే జేబులోంచి రుమాలు తీసి ఆ చెయ్యి తుడుచుకున్నాడు. పేరేమిటని అడగలేదు.

బాబాయ్‌కి ఆ పూట ఎగిరి గంతెయ్యాల్సింది. ఎయ్యలేదు. నాలుగు రోజులు ఎదురుచూశాడు, ఎవరైనా పుస్తకం పట్టుకుని మెట్లెక్కుతారేమోనని. ఎవరూ రాలేదు. ఒక పత్రికలో సమీక్ష వచ్చింది, అందులోనూ ఆ తలుపు చప్పుడే, అనగా గారి పేరు మీదే. వారం తిరక్కుండా చిన్న ఓనరు ఉత్సాహంగా వచ్చి, కాలేజీ లైబ్రరీలకు రెండింటివీ ఇంకో ఐదువందలేసి కావాలట, ఉన్నదున్నట్టు వేసెయ్యమన్నారు అని చెప్పాడు.

"అదృష్టం తలుపు తట్టింది," అంది పిన్ని ఇంటికెళ్లాక. "కొత్తవాటిలో గప్‌చుప్‌గా సరిచేసెయ్. పాతవి ఎలాగూ ఎవరూ తెరవరు. నోరు మెదపకు."

"స్టోరులో ఇంకా నాలుగువందలున్నాయే. విప్పి కుట్టొచ్చు."

"కుట్టి ఎవరికిస్తావు?"

"ఎవరో ఒకరు చదువుతారు కదే! నువ్వు చదవలేదూ?" ఆయన గొంతు పెరిగింది. పిన్నికి ఆయన మీద కోపమూ జాలీ ఒక్కసారే వచ్చాయి. తప్పు బయటపడనందుకు మొగుడు బాధపడటం ఆమె ఏ ఫారంలోనూ చదవలేదు.

మర్నాడు పొద్దున్నే బాబాయ్ రెండు పుస్తకాలూ పట్టుకుని చిన్న ఓనరు బల్ల దగ్గరికి వెళ్లాడు. పక్కపక్కన పెట్టాడు. రెండూ వాటంతట అవే తెరుచుకున్నాయి. తొంభై ఆరూ తొంభై ఏడూ చూపించాడు, ఇటు కుమ్మరినీ అటు ముసలావిడనూ చూపించాడు. తన కన్ను సంగతి కూడా దాచకుండా చెప్పేశాడు.

"తప్పు నాదే చిన్నబాబూ. పని గంటలయ్యాక కూర్చుని స్టోరులోవన్నీ విప్పి కుట్టేస్తాను. కాగితం పాడవదు. అమ్మినవి కూడా తెప్పిస్తే మార్చిస్తాను. ఆ తర్వాత సూది కింద పెట్టమంటే పెడతాను. తప్పు పుస్తకం బయట ఉండకూడదు, అంతే."

చిన్న ఓనరు ఆ పేజీలు అటూ ఇటూ తిప్పాడు. "ఆవిడ చదివింది... ఈ వాక్యమా?"

"అదే."

"అయితే అది ఆయనది కాదా?"

"కాదు బాబూ."

"ఆయనకీ తెలీలేదు. ఈయనకీ తెలీలేదు. ఎనభై మందిలో ఒక్కడికీ తెలీలేదు." చిన్న ఓనరు ముందు కళ్లు పెద్దవి చేశాడు, తర్వాత పెదాలు బిగించాడు, ఆ తర్వాత ఆపుకోలేక కుర్చీలో వెనక్కి వాలి కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. నవ్వి, కళ్లు తుడుచుకుని, అద్దం ఎత్తి కింద ఉన్న రంగుల బొమ్మ బయటికి తీశాడు.

"బాబాయ్, నీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలీడం లేదు. మూడేళ్లుగా ఈ మిషన్ కొందామా వద్దా అని చస్తున్నా. ఫారం తారుమారైతే ఎలా, ఎవడైనా పుస్తకం మొహాన కొడితే ఎలా అని. నా భయమంతా నువ్వు ఒక్క ముక్కలో పోగొట్టావు." బొమ్మను మడత పోయేలా అరచేత్తో రుద్దాడు. "స్టోరులోవి విప్పక్కర్లేదు. కళ్లు బాగుచేయించుకో, హాయిగా ఇంటి పట్టున ఉండు. నీ మీద కోపం లేదు, ఒట్టు. నీలాంటి చెయ్యి మళ్లీ దొరకదు. కానీ దాంతో ఇప్పుడు పనేముంది చెప్పు?"

బాబాయ్ అక్కడే నిలబడ్డాడు. తప్పు చేసినందుకు పొమ్మంటే తలవంచుకుని పోయేవాడు. తప్పు అయినా ఒప్పు అయినా ఒకటేనని పొమ్మంటే ఎలా పోవాలో ఆయనకు తెలియలేదు. మడతల గదిలోంచి అంతా వింటున్న పిన్ని చేతిలో ఫారం అక్కడే పడేసి గుమ్మంలోకి వచ్చింది.

"మిషన్ కూడా ఎందుకు బాబూ, దండగ?" అంది. "తెల్లకాగితాలు దొంతర పెట్టి అట్ట వేసి అమ్ముకోండి. వాళ్లు వాటి మీద కూడా ఆదివారం సభ పెట్టి రెండు గంటలు మాట్లాడతారు. ఒకాయన మూడు రోజులు కన్నీళ్లతో రాశానని కూడా అంటాడు."

"పిన్నీ, నువ్వెందుకు ఆవేశపడతావ్? నీ మడతల పని ఎక్కడికీ పోదు."

"నాకొద్దులే బాబూ," అని పిన్ని గోడకున్న సంచీ తీసుకుంది.

బయటికి పోయే దారిలో ఒక వరండా ఉంది. అక్కడ గోడ పొడుగునా చెక్క అరలు, వాటి నిండా ఆ ప్రెస్సులో తయారైన ప్రతి పుస్తకం ఒక్కోటి, నలభై ఏళ్లవి. పెద్ద ఓనరు దాయించేవాడు. బాబాయ్ అక్కడ ఆగిపోయాడు. పిన్ని రెండడుగులు ముందుకెళ్లి వెనక్కి తిరిగింది.

"పదవయ్యా. ఇంకేం చూస్తావు?"

ఆయన దుమ్ము పట్టిన పుస్తకం ఒకటి లాగాడు. తిప్పి, ఫారం అడుగున గుర్తు కోసం కుడికంటికి దగ్గరగా పెట్టుకున్నాడు, కనబడలేదు. పుస్తకం ఆమె చేతికిచ్చాడు.

"అంకెలు వరసగా ఉన్నాయేమో చూడవే."

"ఇప్పుడెందుకయ్యా ఇవన్నీ?"

"ఎవరూ తిరిగి తేలేదు కాబట్టి అన్నీ సరిగ్గానే ఉన్నాయనుకున్నానే ఇన్నాళ్లూ. చూడు."

పిన్ని చూసింది. ఒకటి, రెండు, మూడు అని చివరిదాకా వేలు పెట్టి చూసి, "బాగుంది," అని ఇచ్చింది. ఆయన దాన్ని అరలో పెట్టి ఇంకోటి తీశాడు. అదీ బాగుంది. మూడోది లావుపాటి పుస్తకం, అట్ట రంగు వెలిసిపోయింది, ఆయన కళ్లు నిప్పుల్లా ఉన్న వయసులో కుట్టింది. పిన్ని పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఒక చోట ఆగింది. వెనక్కి తిప్పింది. మళ్లీ ముందుకి తిప్పింది.

"బాగుంది," అంది.

ఆయన చెయ్యి చాపాడు. ఆమె ఆ పుస్తకం ఆయన చేతికివ్వలేదు. తనే అరలో పెట్టి, మిగతావాటి మధ్యకు లోపలికంటా తోసింది.